టీనేజ్ పిల్లలకు ఎంత స్వేచ్ఛ ఇవ్వాలి? ఎప్పుడు ఇవ్వాలి?



ఎనిమిదో తరగతి దాకా పీటీఎంలో మీరు అడిగేవన్నీ దాదాపు మార్కుల గురించే ఉంటాయి. తొమ్మిదిలోకి రాగానే ప్రశ్నలు మారిపోతాయి. "మేడమ్, వీడు ఇంట్లో నోరు విప్పడం మానేశాడు." "ఫ్రెండ్స్‌తో సినిమాకి వెళ్తానంటోంది, పంపొచ్చంటారా?" "ట్యూషన్‌కి స్కూటీ ఇవ్వమని రోజూ గొడవే." "ఫోన్‌కి లాక్ పెట్టుకుంది, ఏం దాస్తోందో అర్థం కావట్లేదు." ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరు తల్లుల్లో ఒకరు "మా అబ్బాయిని గేటు దాటనివ్వం మేడమ్" అని గర్వంగా చెప్తారు. పక్కనే ఉన్నావిడ "మేం మాత్రం ఫుల్ ఫ్రీడమ్ ఇచ్చేశాం" అని అంతే గర్వంగా చెప్తారు. నిజం చెప్పాలంటే నాకు ఆ ఇద్దరు పిల్లల గురించీ కొంచెం భయం వేస్తుంది.

ఎందుకో ఒకసారి లెక్క చూడండి. తొమ్మిదో తరగతి పిల్లకి పద్నాలుగేళ్లు. ఇంకో రెండేళ్లలో ఇంటర్. మనలో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తాం. నాలుగేళ్లలో ఇంజినీరింగో, డిగ్రీయో, అదీ వేరే ఊళ్లో. ఆ రోజున ఆ పిల్ల చేతికి ఫోను, ఏటీఎం కార్డు, హాస్టల్ గది, అర్ధరాత్రి దాకా మేలుకునే స్నేహితులు, అన్నీ ఒకేసారి వస్తాయి. అప్పటిదాకా ఒంటరిగా రోడ్డు కూడా దాటని పిల్లకి పద్దెనిమిదో పుట్టినరోజు కేక్ కోయగానే తెలివితేటలు దిగిరావు. ముందే పూర్తిగా వదిలేసిన పిల్లవాడి సంగతి వేరు. వాడికి అనుభవం ఉంటుంది, కానీ ఇబ్బందుల్లో పడితే ఎవరికి చెప్పుకోవాలో అలవాటు ఉండదు.

ఇల్లు కట్టించినవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. స్లాబు వేసిన మర్నాడే సెంట్రింగ్ విప్పమంటే ఏ మేస్త్రీ ఒప్పుకోడు. అలాగని గృహప్రవేశానికి కూడా ఆ కర్రలు, రేకులు అలాగే ఉంచుకోం. మధ్యలో రోజూ నీళ్లు కడతాం, గట్టిపడేదాకా ఆగుతాం, ఆ తర్వాత విప్పిస్తాం. బీఈడీలో మేం చదివే 'స్కఫోల్డింగ్' కూడా ఇదే. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే ముగ్గురు ఈ మాటని బోధన గురించి వాడారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు చెక్క దిమ్మెలతో పిరమిడ్ కడుతుంటే పక్కన ఉన్న పెద్దవాళ్లు ఎంత సాయం చేయాలి, ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్నది వాళ్ల ప్రశ్న. మన పిల్లల చేతిలో ఇప్పుడు చెక్క దిమ్మెలు లేవు, స్కూటీ తాళాలున్నాయి. ప్రశ్న మాత్రం అదే.

మీకు తెలిసేది వాళ్లు చెప్తేనే

"పిల్లలు ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి." ఈ సలహా మీరు వందసార్లు విని ఉంటారు. సరే, తెలియడం ఎలా? మూడు దారులు కనిపిస్తాయి. అడిగి తెలుసుకోవచ్చు. రూల్స్ పెట్టి, పర్మిషన్ లేకుండా కదలనివ్వకుండా తెలుసుకోవచ్చు. లేదా వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పొచ్చు.

స్వీడన్‌లో పనిచేసిన హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఇదే తేల్చుకుందామని పద్నాలుగేళ్ల పిల్లలు 703 మందినీ, వాళ్ల తల్లిదండ్రులనూ అడిగి చూశారు. 2000లో వాళ్ల ఫలితాలు అచ్చయ్యాయి. తల్లిదండ్రులకు తెలిసిన సంగతుల్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల తెలిసినవే. ప్రశ్నలు, ఆంక్షలు దానితో పోలిస్తే ఇచ్చింది తక్కువ. అంతేకాదు, దారి తప్పని పిల్లలు ఎవరా అని చూస్తే, గట్టి కాపలా ఉన్న ఇళ్ల పిల్లలకంటే ఇంట్లో మాట్లాడే పిల్లలే ఎక్కువగా కనిపించారు. బాగా నడుచుకునే పిల్లలకి దాచుకోవాల్సింది తక్కువ కాబట్టి మాట్లాడతారేమో అని మీరు అనొచ్చు. అదీ కొంత నిజమే అయ్యుంటుంది. స్వీడన్ ఇల్లు వేరు, గుంటూరు ఇల్లు వేరు అని కూడా అనొచ్చు. కానీ నేను రోజూ నలభై మంది పిల్లల మధ్య నిలబడతాను. నాకు కనిపించేదీ ఇదే. అమ్మకి అన్నీ చెప్పే పిల్ల ఇబ్బందుల్లో పడదని కాదు. పడిన రోజే ఇంట్లో తెలుస్తుంది. మిగతావాళ్ల సంగతి మూడు నెలల తర్వాత ప్రిన్సిపల్ రూమ్‌లో తెలుస్తుంది.

మరి పిల్లలు చెప్పడం ఎందుకు మానేస్తారు? నేను నా క్లాసులో పిల్లల్నే అడిగాను, పేర్లు రాయకుండా చీటీల మీద రాసివ్వమన్నాను. ఎక్కువగా వచ్చిన జవాబులు మూడు. మొదటిది, "చెప్తే ఫోన్ లాక్కుంటారు." రెండోది, "చెప్తే లెక్చర్ మొదలవుతుంది." మూడోది చదివినప్పుడు నాకే గుచ్చుకుంది. "మమ్మీ వెంటనే పిన్నికి ఫోన్ చేసి చెప్పేస్తుంది. ఆదివారానికి ఊరంతా తెలిసిపోతుంది."

ఈ మూడోదాన్ని మనం అసలు తప్పుగానే అనుకోం. పిల్ల సంగతులు అక్కచెల్లెళ్లతో చెప్పుకోవడం మన ఇళ్లలో మామూలే. కానీ పద్నాలుగేళ్ల పిల్లకి, క్లాసులో ఒక అబ్బాయి తనకి చాక్లెట్ ఇచ్చాడన్న విషయం అమ్మతో చెప్పడమే పెద్ద ధైర్యం. అది మర్నాడు మేనత్త నోట "ఏంటే, హీరోయిన్‌వి అయిపోయావట" అని వినబడితే, ఇక ఆ తర్వాత చాక్లెట్ కాదు కదా, ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగినా చెప్పదు. దయచేసి ఇదొక్కటి పాటించండి. పిల్లలు మీతో నెమ్మదిగా చెప్పిన మాట వాళ్లని అడగకుండా మూడో మనిషికి చెప్పకండి. నాన్నకి చెప్పాలన్నా "నాన్నకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అని అడగండి.

ఫోన్ లాక్కోవడం గురించి ఒక మాట. నిజం చెప్పినందుకు శిక్ష, దాచినందుకు శిక్ష, రెండూ ఒకటే అయితే ఏ పిల్లవాడైనా దాచే దారే ఎంచుకుంటాడు, ఎందుకంటే దాంట్లో దొరక్కుండా పోయే అవకాశమైనా ఉంది. రెండిటికీ తేడా ఉండాలి, ఆ తేడా వాళ్లకి ముందే తెలిసి ఉండాలి.

జుట్టు గొడవ వేరు, హెల్మెట్ గొడవ వేరు

జుడిత్ స్మెటానా అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త టీనేజ్ పిల్లలకీ తల్లిదండ్రులకీ మధ్య గొడవల్ని ఎన్నో ఏళ్లు పరిశీలించారు. ఆవిడ చెప్పిన విషయం మన ఇళ్లకి అతికినట్టు సరిపోతుంది. పిల్లలు అన్నిటికీ ఎదురు తిరగరు. ప్రాణానికి ముప్పు, ఇంకొకరికి హాని లాంటి విషయాల్లో రూల్ పెట్టే హక్కు అమ్మానాన్నలకు ఉందని వాళ్లూ ఒప్పుకుంటారు. గొడవంతా ఏది వాళ్ల సొంత విషయం అన్న దగ్గరే. జుట్టు, బట్టలు, పాటలు, గది, ఫ్రెండ్ ఎవరు అన్నవి వాళ్ల లెక్కలో వాళ్లవి. మన లెక్కలో అవీ మనవే.

ఇంట్లో గొడవల్ని ఒక వారం పాటు కాగితం మీద రాసి చూడండి. పదిలో ఏడో ఎనిమిదో హెయిర్‌కట్, చిరిగిన జీన్స్, మంచం మీద తడి టవల్, బంధువులొస్తే గదిలోంచి బయటికి రాకపోవడం ఇలాంటివే ఉంటాయి. వీటి మీదే గొంతు అరిగిపోతే, హెల్మెట్ గురించి చెప్పాల్సిన రోజు ఆ గొంతుకి విలువ ఉండదు. వాళ్ల చెవికి అది కూడా టవల్ గొడవలాగే వినిపిస్తుంది. (స్కూల్ వాళ్లుగా మేం జుట్టు కత్తిరించుకు రమ్మంటాం, అది వేరే సంగతి. ఆ గొడవ మాకు వదిలేయండి, ఇంటికి తీసుకెళ్లకండి.)

"మొక్కై వంగనిది మానై వంగునా" అని తాతయ్యలు అంటారు. నిజమే. కానీ ఎటు పడితే అటు, రోజుకి పదిసార్లు వంచితే మొక్క విరుగుతుంది. ఎక్కడ వంచాలో ఎంచుకోవాలి. ప్రాణం, శరీరం, చదువు ఆగిపోవడం, ఇతరులకి హాని, ఈ నాలుగిటి మీద మీరు కదలకండి. మిగతా వాటి మీద ఓడిపోయినా పర్వాలేదు. ఒక్కోసారి కావాలనే ఓడిపోండి.

స్కూటీ తాళాలు

కదలకూడని వాటిలో మొదటిది ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ప్రతి సాయంత్రం మన బ్రాంచి ఎదురుగా సందులో, గేటుకి కనబడకుండా నిలిపిన బండ్లు నాకు కనిపిస్తాయి. అవి ఎవరివో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు బండి నడపకూడదు. ఒక మినహాయింపు ఉంది. 16 నిండితే, గేర్లు లేని, 50 సీసీ దాటని బండికి తల్లిదండ్రుల సమ్మతితో లైసెన్సు తీసుకోవచ్చు. కానీ మన ఇళ్లలో ఉండే యాక్టివా లాంటివి 110 సీసీ. అంటే ఆ లైసెన్సు చేతిలో ఉన్నా వాటిని నడపడం నేరమే. 2019లో చట్టానికి కొత్తగా చేర్చిన 199ఎ సెక్షన్ ఇంకా గట్టిది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే బాధ్యత బండి యజమానిది లేదా సంరక్షకుడిది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లకి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అంటే చాలదు, అది రుజువు చేసుకోవాల్సిన భారం కూడా మనదే. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర పడే తిప్పలు వేరు.

తక్కువ స్పీడు ఎలక్ట్రిక్ బండ్ల గురించి కూడా అడుగుతున్నారు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదని అమ్ముతున్నారు. కొనేముందు ఆ అంకెలు కాగితం మీద చూడండి. షాపులో "లాక్ తీసేస్తే 45 వెళ్తుంది సార్" అని చెప్తే, అది ఇక ఆ కోవలోకి రాదు. 25 లోపు అయినా హెల్మెట్ తప్పనిసరి అని మీ ఇంట్లో రూల్ పెట్టండి. మన రోడ్ల మీద లారీకి ఆ బండి స్పీడు ఎంతో తెలియదు.

"మా వాడు జాగ్రత్తగానే నడుపుతాడు మేడమ్" అని నాన్నలు అంటారు. మీ వెనక కూర్చోబెట్టుకుని నడిపినప్పుడు జాగ్రత్తగానే నడుపుతాడు, నేనూ ఒప్పుకుంటాను. అసలు సమస్య వెనక కూర్చున్నది మీరు కానప్పుడు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మందితో ఒక డ్రైవింగ్ వీడియో గేమ్ ఆడించారు. 13–16 ఏళ్లవాళ్లు, 18–22 ఏళ్లవాళ్లు, 24 దాటినవాళ్లు. పసుపు లైటు పడుతుంది, ఎప్పుడు ఆపాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి. ఒంటరిగా ఆడినప్పుడు పిల్లలకీ పెద్దలకీ పెద్ద తేడా లేదు. స్నేహితులు పక్కన నిలబడి చూస్తుంటే మాత్రం పిల్లలు తీసుకునే రిస్క్ బాగా పెరిగింది. 24 దాటినవాళ్లలో ఆ మార్పు దాదాపు లేదు. అంటే మీ అబ్బాయి బుద్ధిమంతుడే. కానీ వెనక ఇద్దరు ఎక్కి "ఒరేయ్, కొట్టరా" అన్నప్పుడు బుద్ధి పనిచేసే వయసు ఇంకా రాలేదు. ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. ఇది పెంపకం లోపం కాదు, వయసు.

స్కూటీ ఇవ్వనన్నప్పుడు ఇంకోటి ఇవ్వాలి కదా. సైకిల్ ఇవ్వండి. బస్సు నేర్పండి.

బస్సు ఎక్కించడం ఒక పాఠం

ఇది నాకు ఇష్టమైన భాగం. మా సెక్షన్‌లో ఒకమ్మాయి తల్లి చేసిన పద్ధతి చెప్తాను. ట్యూషన్ ఇంటి నుంచి మూడు స్టాపుల దూరం. మొదటి వారం ఇద్దరూ కలిసి సిటీ బస్సులో వెళ్లారు, కానీ ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి అన్నది అమ్మాయే చెప్పాలి. అమ్మ తప్పు స్టాపులో కూడా నోరెత్తకుండా దిగింది. రెండో వారం అమ్మ అదే బస్సులో వెనక సీట్లో, తెలియని మనిషిలా కూర్చుంది. మూడో వారం అమ్మాయి ఒంటరిగా వెళ్లింది, ఎక్కగానే ఒక మెసేజ్, దిగగానే ఒక మెసేజ్. నెల తర్వాత చేరగానే ఒక్క మెసేజ్. ఇప్పుడు ఏదైనా ఆలస్యమైతేనే ఫోన్. మధ్యలో ఒకరోజు బస్సు తప్పిపోయింది, చీకటి పడింది. అమ్మాయి పక్కన మందుల షాపు ముందు వెలుతురులో నిలబడి ఫోన్ చేసింది. అక్కడ నిలబడమని ఆ సమయంలో ఎవరూ చెప్పలేదు. రెండో వారంలో అమ్మ ఒకసారి మాటవరసకి చెప్పిందట.

ఒక్కో మెట్టుకి ఎన్ని రోజులు అన్నది పిల్లని బట్టి ఉంటుంది. రెండు విషయాలు మాత్రం చూసుకోండి. మెట్టు ఎక్కించేది మీ మూడ్‌ని బట్టి కాదు, ముందు మెట్టు మీద వాళ్లు నిలబడ్డ తీరుని బట్టి. తప్పు జరిగితే మొత్తం రద్దు చేయకుండా ఒక్క మెట్టు దిగాలి, అంతే. సినిమాకి వెళ్లి చెప్పిన టైముకి రాకపోతే ఏడాదంతా బయటికి వెళ్లొద్దనడం మీరే నిలబెట్టుకోలేరు. వచ్చే నెల వెళ్లేటప్పుడు మీరే దింపి మీరే తీసుకొస్తామనండి.

చిన్న చిన్న ఏర్పాట్లు కొన్ని. బ్యాగ్ లోపలి జేబులో 200 రూపాయలు నగదుగా ఉంచండి, ఎందుకంటే ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఫోన్‌పే కూడా పోతుంది. మీ నంబరు చూడకుండా చెప్పమని ఈ రాత్రే అడగండి. మా క్లాసులో అమ్మ నంబరు గడగడా చెప్పినవాళ్లు కూడా నాన్న నంబరు దగ్గర తడబడ్డారు. ఆడపిల్లలకు తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయితే గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి ఆధార్ దగ్గర ఉంచండి. 112 అత్యవసర నంబరు, 1098 పిల్లల హెల్ప్‌లైన్ నంబరు ఫోన్‌లో సేవ్ చేయడం కాదు, నోటికి రావాలి.

ఇక్కడే ఇంకో మాట. అబ్బాయిని రాత్రి తొమ్మిదింటికి కూడా షాపుకి పంపే ఇంట్లోనే అక్క మాత్రం ఆరు తర్వాత గుమ్మం దాటకూడదు. అమ్మాయిల విషయంలో మీ భయం ఉత్తది అని నేను అనను, నేనూ ఆడపిల్లనే, బస్సుల్లోనే తిరుగుతాను. కానీ అమ్మాయికి బయట తిరగడం నేర్పకపోతే ఆ భయం తగ్గదు, నాలుగేళ్లు వాయిదా పడుతుంది. ఇక అబ్బాయికేం కాదులే అనుకోవడం కూడా సరికాదు. 2012 నాటి పోక్సో చట్టం 18 లోపు పిల్లలందరికీ, అబ్బాయిలకీ అమ్మాయిలకీ సమానంగా వర్తిస్తుంది. ఆ చట్టం అలా రాయడానికి కారణం ఉంది. తనని ఎవరైనా ఇబ్బంది పెడితే చెప్పొచ్చని అబ్బాయికి కూడా ఒకరు చెప్పాలి. మన ఇళ్లలో అది చెప్పే అలవాటు లేదు.

ఫోన్: చూడాలా, వద్దా?

దొంగచాటుగా పిల్లల చాట్‌లు చదవొద్దు అన్నది నా అభిప్రాయం. ఒకరోజు దొరికిపోతారు, ఆ రోజుతో పైన చెప్పిన మాటలన్నీ ఆగిపోతాయి. కానీ కనిపించేలా, చెప్పి చేసే పర్యవేక్షణ వేరు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు అని ఎంచుకోవచ్చు. ఫ్రెండ్ ఇంటికి వెళ్లినప్పుడు గంట లొకేషన్ పెట్టమనడం, వాళ్లే పెట్టడం, ఇది కాపలా కంటే మర్యాదగా ఉంటుంది. మీరు ఆలస్యంగా వచ్చే రోజు మీరూ పెట్టండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో 18 లోపు వాళ్లకి టీన్ అకౌంట్ అని ఉంది. అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి. 16 లోపు వాళ్లు ఈ సెట్టింగులు సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అయితే ఇవన్నీ పుట్టిన తేదీ నిజం పెడితేనే. మన పిల్లల్లో చాలామంది అకౌంట్ తెరిచేటప్పుడు తమ వయసు పెంచి పెట్టినవాళ్లే. ఈ ఆదివారం పక్కన కూర్చుని ఆ ఒక్క తేదీ చూడండి, చాట్‌లు చూడనని ముందే మాటిచ్చి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. ఎవరో తెలియనివాళ్లు, ఒక్కోసారి తెలిసినవాళ్లే, ఒక ఫొటో సంపాదిస్తారు. అది నిజమైనది కావచ్చు, మార్ఫింగ్ చేసింది కావచ్చు. డబ్బులు పంపు, లేదా ఇంకో ఫొటో పంపు, లేకపోతే మీ నాన్నకి పంపిస్తా అంటారు. చివరి ముక్క గమనించారా? పిల్లని ఆడించేది ఫొటో కాదు, "మీ నాన్నకి చెప్తా" అన్న మాట. నాన్నకి ముందే తెలిసిపోతే వాడి చేతిలో ఇంకేం ఉండదు. అందుకే ఏ గొడవా లేని రోజున, అన్నం తింటున్నప్పుడు, మామూలు గొంతుతో ఈ మాట చెప్పి ఉంచండి. "ఎప్పుడైనా ఇలాంటిది జరిగితే, తప్పు నీదే అయినా సరే, ముందు మాకు చెప్పు. మేం తిట్టం. వాడి సంగతి చూస్తాం." తర్వాత నిజంగానే జరిగితే ఆ మాట మీద నిలబడండి. డబ్బులు పంపొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీయండి, 1930కి ఫోన్ చేయండి లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా ఇచ్చే వీలు కూడా అక్కడ ఉంది.

ఇలాంటిదే ఇంకో ఏర్పాటు, కోడ్ మాట. పుట్టినరోజు పార్టీకి వెళ్లింది. అక్కడ ఎవరో బీరు తెచ్చారు, వెళ్లిపోదామంటే ఫ్రెండ్స్ ముందు నామోషీ. ఫోన్ చేసి "అమ్మా, తాతయ్య టాబ్లెట్లు వేసుకున్నారా?" అంటుంది. అంతే, మీరు వెంటనే "వేసుకోలేదు, నువ్వు వచ్చేయ్, నాన్న బయల్దేరారు" అనాలి. చెడ్డవాళ్లు మీరే అవుతారు, పిల్ల పరువు నిలుస్తుంది. ఆ రాత్రి ఇంటికొచ్చేదాకా ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు, అదే ఒప్పందం. మర్నాడు అడగండి. కోడ్ మాట ఏదైనా కావచ్చు, పిల్లలనే ఎంచుకోమనండి, మనకంటే బాగా కల్పిస్తారు.

ఎప్పుడు మాత్రం ఆగకూడదు

ఇంత చెప్పాక, వెంటనే కలగజేసుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నిద్ర, తిండి రెండూ ఒకేసారి తలకిందులవడం, ఇష్టమైన ఆటా పాటా ఒక్కసారిగా వదిలేయడం, లెక్కలేని డబ్బు లేదా కొత్త వస్తువులు కనిపించడం, ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుని చేతులు దాచుకోవడం, తనకి ప్రాణమైన వస్తువులు ఎవరెవరికో ఇచ్చేయడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు. ఇలాంటప్పుడు సొంత విషయం, స్వేచ్ఛ అని చూస్తూ కూర్చోవద్దు. పక్కన కూర్చోండి, నేరుగా అడగండి, ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, రోజంతా పనిచేస్తుంది. క్లాస్ టీచర్‌కి కూడా చెప్పండి. మార్కుల గురించి భయపడి మాకు దాచకండి. పరీక్షల ముందు కూడా దాచకండి, ముఖ్యంగా అప్పుడే.

చివరగా, మన స్కూల్ వైపు నుంచి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు స్కూల్ బస్సు కాకుండా సొంతంగా ఇంటికి వెళ్లాలనుకుంటే తల్లి లేదా తండ్రి సంతకంతో క్లాస్ టీచర్‌కి లెటర్ ఇవ్వాలి. అందులో సైకిలా, సిటీ బస్సా, నడకా అన్నది రాయండి. "స్కూటీ" అని రాసిన లెటర్ తీసుకోం. ఈసారి పీటీఎంకి పిల్లల్ని కూడా తీసుకురండి. మార్కుల మాట అయ్యాక పది నిమిషాలు వాళ్లనే మాట్లాడనిద్దాం. ఏ మెట్టు మీద ఉన్నారో, తర్వాత దేనికి సిద్ధంగా ఉన్నారో వాళ్లే చెప్తారు, నేను డైరీలో రాసుకుంటాను.